వెక్టర్ సెర్చ్ ఒక్కటి పెడితే సరిపోతుందా? బత్తాయి బంక ప్రశ్నకు జవాబు

అసలు ప్రశ్న చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల రైతు సంఘం వెబ్‌సైట్‌లో పంటలు, భూమి కాగితాలు, ప్రభుత్వ పథకాల మీద మూడు వేల దాకా తెలుగు వ్యాసాలున్నాయి. వెనక ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతికే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. "బత్తాయి చెట్టుకు బంక కారుతంది" అని కొడితే పత్తిలో పేను బంక మీద రాసిన వ్యాసం అన్నిటికన్నా పైన వస్తోంది. కావాల్సిన "నిమ్మజాతి తోటల్లో గమ్మోసిస్ యాజమాన్యం" రెండో పేజీలో కూడా లేదు. "సినానిమ్స్, స్టెమ్మింగ్ అన్నీ పాత చింతకాయ పచ్చడి, అవన్నీ పక్కన పడేసి వెక్టర్ సెర్చ్ పెట్టేయమంటున్నారు. నిజమేనా అన్నా?"

ముందు మాటలు తేల్చుకుందాం: సినానిమ్స్ అంటే పర్యాయపదాలు, స్టెమ్మింగ్ అంటే మాట చివరి తోకలు కోసి మూలానికి చేర్చడం, వెక్టర్ సెర్చ్ అంటే మాటలు కలవకపోయినా అర్థం దగ్గరగా ఉన్నవాటిని మోడల్‌తో వెతకడం. వెక్టర్ పెట్టండి, తప్పు లేదు. కానీ దాన్ని రెండో వరుసలో ఉంచండి. నల్లగొండ రైతు ఏ మాట ఏ ఉద్దేశంతో టైప్ చేస్తాడో మీకు తెలిసినంతగా ఏ మోడల్‌కీ తెలియదు. ఆ తెలివిని సెర్చ్‌లో ఎక్కడ, ఎంత మోతాదులో పెట్టాలన్నదే మీ అసలు సమస్య. నేను చాలా ఏళ్లుగా సెర్చ్ పని మీదే ఉన్నాను, మాది దేవరకొండ వైపు. కాబట్టి మీ బత్తాయి తోట నుంచే మొదలుపెడతాను.

బత్తాయి చెట్టు మొదట్లో బెరడు పగిలి జిగురు కారిందంటే ఎక్కువసార్లు అది ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి పని. శాస్త్రవేత్తలు గమ్మోసిస్ అంటారు, కరపత్రాల్లో బంక తెగులు అని రాస్తారు, రైతు "బంక కారుతంది" అంటాడు. అదే బంక పత్తిలోకో మిరపలోకో వెళ్తే పేనుబంక. అంటే ఆకు అడుగున చేరి రసం పీల్చే చిన్న పురుగు. ఒకటి తెగులు, ఒకటి పురుగు. మందులు వేరు, పని వేరు. ఒకదానికి కాండానికి బోర్డో పేస్ట్ పూయమంటారు, ఇంకోదానికి ఆకుల మీద పిచికారీ చేయమంటారు. మీ వ్యాసంలో "పేను బంక" అని విడదీసి రాసి ఉంటారు, అందుకే "బంక" విడి మాటగా ఇండెక్స్‌లోకి, అంటే ఏ మాట ఏ వ్యాసంలో ఉందో చెప్పే జాబితాలోకి ఎక్కింది. గమ్మోసిస్ వ్యాసంలో బంక అనే మాటే ఉండి ఉండదు. అరుదైన మాటకు ఎక్కువ బరువివ్వాలన్న సూత్రం కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో చెప్పింది, మీ ఎలాస్టిక్‌సెర్చ్‌లో వ్యాసాలను వరుస పెట్టే బీఎం25 లెక్క కూడా దాని మీదే నిలబడింది. మీ సైట్‌లో బత్తాయి వందల వ్యాసాల్లో ఉంటుంది, బంక కొన్నిట్లోనే ఉంటుంది. దాంతో బంక ఉన్న పత్తి వ్యాసం గెలిచింది. లెక్క దాని పని అది సరిగానే చేసింది, దానికి తెలియాల్సింది ఎవరూ చెప్పలేదంతే.

ఇప్పుడు "బంక = గమ్మోసిస్" అని సినానిమ్ ఫైల్‌లో ఒక లైను రాసేస్తే ఏమవుతుంది? రేపు "పత్తికి బంక పట్టింది" అని వెతికిన రైతుకు నిమ్మతోట వ్యాసాలు వస్తాయి. సినానిమ్స్ పాతబడ్డాయని అనేవాళ్లలో చాలామంది ఈ గుంటలో పడి లేచినవాళ్లే. మాటకు మాట పర్యాయపదం అని రాయకండి. ముందు ప్రశ్నలో పంట పేరు పట్టుకోండి, తర్వాత ఆ పంటకు సంబంధించిన పట్టికలోంచి మాటలు చేర్చండి. బత్తాయి, నిమ్మ, నారింజల్లో ఏదో ఒకటి ఉండి బంక కూడా ఉంటే "గమ్మోసిస్, బంక తెగులు" చేర్చాలి. పత్తి, మిరప, జొన్న ఉంటే "పేనుబంక" చేర్చాలి. పంట పేరే లేకుండా ఉత్త "బంక" అని కొడితే ఏదీ చేర్చొద్దు, "ఏ పంటకు?" అని బటన్లు చూపించండి. ఇది ఎలాస్టిక్‌సెర్చ్ లోపల తంటాలు పడి చేసే పని కాదు, దాని ముందు పైథాన్‌లో చిన్న ఫంక్షన్ రాస్తే చాలు.

పంటల పట్టిక రాసేటప్పుడు మన మాట, పుస్తకం మాట, పక్క ప్రాంతం మాట మూడూ పక్కపక్కన పెట్టండి. మనం బత్తాయి అంటాం, అనంతపురం వైపు చీనీ అంటారు, మార్కెట్‌లో మోసంబి. పుస్తకాల్లో వేరుశనగ, మన దగ్గర పల్లి, అలంపూర్ దాటితే బుడ్డలు. మొక్కజొన్నకు మక్కలు. పొలంలో ఉన్నంతసేపు వరి, కల్లంలో పోస్తే వడ్లు, ప్రభుత్వ ఉత్తర్వులో ధాన్యం. ఈ చివరిది మిర్యాలగూడ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఇవి నిజంగా ఒకటే కాబట్టి రెండు వైపులా కలపొచ్చు. కానీ "నిమ్మజాతి" అనే మాట విషయంలో జాగ్రత్త. బత్తాయి అని వెతికితే నిమ్మజాతి వ్యాసం చూపించాలి, నిమ్మజాతి అని వెతికితే బత్తాయి వ్యాసం చూపించినా తప్పు లేదు, కానీ నిమ్మ అని వెతికినవాడికి బత్తాయి ఎందుకు? పై వర్గానికి వెళ్లడం, కింది వర్గానికి దిగడం, పక్కదానికి దూకడం మూడూ వేర్వేరు. నేనైతే రైతు టైప్ చేసిన మాటకు ఒకటి, అచ్చమైన పర్యాయపదానికి ఏడు పదోవంతులు, పై వర్గానికి మూడు పదోవంతులు బరువుతో మొదలుపెడతాను. పక్కదానికి సున్నా. ఆ తర్వాత పరీక్షలో తేలిన దాన్నిబట్టి మార్చుకోవచ్చు.

ఇదంతా ఇండెక్స్ చేసేటప్పుడు కాకుండా వెతికేటప్పుడే జరగాలి. అలా పెట్టుకుంటే కొత్త మాట చేర్చిన ప్రతిసారీ మూడు వేల వ్యాసాలను మళ్లీ ఇండెక్స్ చేయనక్కర్లేదు.

ఇంకో మాట "మందు". మన దగ్గర ఎరువూ మందే, పురుగుమందూ మందే, కలుపుమందూ మందే. పక్కనున్న క్రియ చూస్తే తేలిపోతుంది. మందు చల్లడం అంటే ఎక్కువగా ఎరువు, మందు కొట్టడం అంటే పిచికారీ. కాబట్టి "వరికి మందు ఎప్పుడు చల్లాలి", "వరికి మందు ఎప్పుడు కొట్టాలి" అనే రెండు ప్రశ్నలకు వేర్వేరు వ్యాసాలు రావాలి. ఆధారం "చల్లు", "కొట్టు" అన్న ఒక్క మాటే. సాయంత్రం వేసుకునే మందు సంగతి మీ సైట్‌కు అక్కర్లేదు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ "మందు తాగిండు", "మందు తాగితే ఏం చేయాలి" అని వస్తే అది సెర్చ్ ప్రశ్న కాదు, ప్రమాదం. అక్కడ ర్యాంకింగ్ లెక్కలన్నీ పక్కన పెట్టి, 108కి ఫోన్ చేయమని, డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లమని పెద్ద అక్షరాల్లో చూపించండి. వ్యవసాయ సైట్ నడిపేవాళ్లు ఇది మొదటి రోజే పెట్టాలని నా అభిప్రాయం.

ఇక పునాది. పైన చెప్పినవన్నీ అక్షరాలు సరిగ్గా కలిస్తేనే పనిచేస్తాయి. "నీళ్ళు" అని ఒకరు, "నీళ్లు" అని ఇంకొకరు రాస్తారు. కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలు. ళ్ళను ళ్లగా మార్చే రూల్ ఒకటి ఇండెక్స్‌కూ ప్రశ్నకూ రెండింటికీ పెట్టండి. మహబూబ్‌నగర్ అన్నప్పుడు బ్ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. కొన్ని కీబోర్డులు అది పెట్టవు, అప్పుడు బకు కింద నవత్తు వస్తుంది. కొందరు ఖాళీ వదిలి రెండు మాటలుగా రాస్తారు. ఇంకొందరు పాలమూరు అంటారు. నాలుగూ ఒకే ఊరు. కనపడని ఆ గుర్తును తీసేసి, మిగతావి ఊర్ల పట్టికలో చేర్చండి. ఇంకో వింత: సున్నా ఉన్న చోట అనుస్వారానికి బదులు తెలుగు అంకె సున్నాను టైప్ చేసినవాళ్లున్నారు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఎవరూ పట్టుకోలేరు. అక్షరాల మధ్య వచ్చిన ఆ అంకెను అనుస్వారంగా మార్చేయండి. పాత కరపత్రాలు అను ఫాంట్లలో ఉంటే మాత్రం ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేకపోతే మీ ఇండెక్స్‌లో ఉండేది తెలుగే కాదు.

స్టెమ్మింగ్ విషయంలో నా మాట కొంచెం ఘాటుగా ఉంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌కు అడుగున ఉండే లూసీన్‌లో తెలుగు ఎనలైజర్ (మాటలను విడదీసి, తోకలు కోసే పనిముట్టు) ఉంది, వాడి చూడండి. కానీ ఏ స్టెమ్మర్‌నైనా మీ జిల్లా మీద గుడ్డిగా వదలొద్దు. చివర "ల" కనిపిస్తే బహువచనం అనుకుని కోసేసే రూల్ ఎవరైనా రాశారనుకోండి, గద్వాల "గద్వా" అవుతుంది. జడ్చర్ల, జూరాల, చిట్యాల, మునగాల అన్నిటికీ తోకలు తెగుతాయి. రూల్ రాసినాయన ఈ ఊర్లు చూసి ఉండడు. అందుకే స్టెమ్మర్ కన్నా ముందు ఊర్లు, మండలాలు, ప్రాజెక్టులు, వంగడాలు, మందుల పేర్లు ఉన్న జాబితా ఒకటి పెట్టి, ఆ పేర్లు ఉన్నచోట ముట్టుకోవద్దని చెప్పాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో దీనికి కీవర్డ్ మార్కర్ అనే ఫిల్టర్ ఉంది. "గద్వాలలో", "గద్వాలకు", "గద్వాలది" అన్న రూపాలను కూడా ఆ జాబితా నుంచే పుట్టించి గద్వాలకు కట్టేయండి. ఊరి పేరు మీద విభక్తి ఊడదీయడానికి అంతకన్నా భద్రమైన దారి లేదు.

నామవాచకాలకు తేలికపాటి కోత చాలు. చెరువుకు, చెరువులో, చెరువుల్లో అన్నీ చెరువుకు చేరతాయి. పొలం, పొలానికి, పొలాల్లో అన్నదానికి ఒక రూల్ కావాలి. ఇల్లు ఇంటికి, ఊరు ఊళ్లో, నీళ్లు నీటికి లాంటివి రూలుకు లొంగవు, కానీ అవి మహా అయితే కొన్ని పదులు. చేత్తో రాసేయండి, ఒక మధ్యాహ్నం పని.

క్రియల జోలికి పోతే మాత్రం అంతే సంగతులు. "పడలేదు, పడలే, పడతలేవు, పడ్తలేవు, పడట్లేదు, పడడం లేదు": ఒక్క పైసలు పడకపోవడానికే ఇన్ని రూపాలు, అందులో సగం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఉండవు. అన్ని క్రియలకూ రూల్స్ రాయాలనుకోవద్దు. రైతు సైట్‌లో వచ్చే క్రియలు కొన్నే: రావడం, పడడం, ఎండడం, రాలడం, కారడం, కుళ్లడం, ముడుచుకోవడం, మొలవడం, కొట్టడం, చల్లడం. జనం వెతికిన ప్రశ్నలు నమోదయ్యే లాగ్‌లోంచి వాటి రూపాలు ఏరి పట్టికలో పెట్టుకుంటే చాలు.

ఆ పట్టికలో "లేదు" ఉన్న రూపాలను మాత్రం విడిగా ఉంచండి. ఇంగ్లిష్ స్టాప్ వర్డ్ జాబితాల్లో, అంటే వెతికేటప్పుడు వదిలేసే మాటల జాబితాల్లో, "కాదు", "లేదు" అనే అర్థమున్న మాటలు కూడా ఉంటాయి. అదే అలవాటు చొప్పున తెలుగు జాబితాలోనూ "లేదు, లేని, కాదు, వద్దు" పెట్టేస్తారు. "ఫ్లోరైడ్ లేని నీళ్లు" అన్న ప్రశ్నలో లేని తీసేస్తే ఏం మిగిలిందో చూడండి. మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలు నడుములు వంగిపోయిన చోట ఆ ప్రశ్న అడిగేవాడికి కావాల్సింది నీళ్లను శుద్ధి చేసే పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే విధానం తయారు చేసింది. దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. కాబట్టి "లేని" అన్నదాన్ని "తొలగింపు, తీసేయడం, శుద్ధి"తో కలపాలి. అలాగే మనవాళ్లు "ఫ్లోరిన్ నీళ్లు" అంటారు, వ్యాసాల్లో ఫ్లోరైడ్ అనో ఫ్లోరోసిస్ అనో ఉంటుంది. మూడూ కలపండి. కెమిస్ట్రీ సారు ఒప్పుకోకపోవచ్చు, సెర్చ్ మాత్రం ఒప్పుకోవాలి.

మీరు అడగలేదు గానీ, బంక కన్నా ఎక్కువ గందరగోళం మీ పథకాల విభాగంలో ఉంటుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకు ముందు రాసిన వ్యాసంలో "మహబూబ్‌నగర్ జిల్లా వనపర్తి" అని, "నల్లగొండ జిల్లా కోదాడ" అని ఉంటుంది. ఇవాళ "సూర్యాపేట జిల్లాలో వడ్ల కొనుగోలు" అని వెతికినవాడికి కోదాడ, హుజూర్‌నగర్ వ్యాసాలు దొరకాలి. నారాయణపేట జిల్లా అయ్యింది 2019లో. అందుకని ఊరికి జిల్లా అని ఒకటే గడి పెట్టుకోకుండా, ఏ తేదీ నుంచి ఏ జిల్లా అన్నది రాసుకోండి. కింద మండలాల వరకు దిగితే ఇంకా మంచిది.

పేర్ల గొడవ ఇంకా పెద్దది. రైతు భరోసా అనే పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఒక పథకం నడిచింది. మన దగ్గర 2018లో వచ్చిన రైతుబంధు స్థానంలో 2025 నుంచి నడుస్తున్నదీ రైతు భరోసాయే. ఆసరా అంటే మనకు పింఛను, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పొదుపు సంఘాల మహిళల రుణాలకు సంబంధించిన పాత పథకం. చేయూత అనే పేరు కూడా రెండు చోట్లా వాడారు, రెండు వేర్వేరు పనులకు. కోదాడ, అలంపూర్ లాంటి సరిహద్దు ఊళ్లలో జనం రెండు వైపుల వార్తలూ చదువుతారు. పేరు చూసి కలిపేస్తే తప్పుడు సమాధానం వస్తుంది. ప్రతి పథకానికీ రాష్ట్రం, మొదలైన సంవత్సరం, పాత పేరు అనే మూడు ముక్కలు జత చేయండి. "రైతుబంధు పడలే" అని కొడితే ఇప్పటి రైతు భరోసా వ్యాసం కూడా చూపించాలి. భూమి కాగితాల్లోనూ ఇంతే. మనకు పహాణి, అవతల అడంగల్. ఇక్కడ తరి, ఖుష్కి, పుస్తకాల్లో మాగాణి, మెట్ట. ధరణి పోయి భూభారతి వచ్చింది, కానీ జనం నోట ఇంకా ధరణే ఉంది, ఇంకొన్నేళ్లు ఉంటుంది కూడా. విస్తీర్ణం లెక్కల్లో మనకు ఎకరానికి 40 గుంటలు, వాళ్లకు 100 సెంట్లు. రెండింటినీ గజాల్లోకి మార్చి చూపించే చిన్న లెక్క సెర్చ్ పెట్టె కిందే ఉంటే చాలామంది వ్యాసం తెరవకుండానే సంతోషంగా వెళ్లిపోతారు.

ఇక వెక్టర్. గూగుల్ వాళ్ల మూరిల్ లాంటి భాషా మోడళ్లు తెలుగుతో సహా మన భాషల మీద నేర్చుకున్నవే. "ఆకులు పండబారుతున్నాయి" అన్న ప్రశ్నకు "ఆకులు పసుపు రంగులోకి మారడం" అన్న వ్యాసం చూపించడంలో, వెతకడానికి తర్ఫీదిచ్చిన అలాంటి మోడళ్లు మన పట్టికల కన్నా గట్టివి, ఎందుకంటే వర్ణనలు అనంతం, పట్టికలు కావు. మరి బలహీనత ఎక్కడ? అంకెలు, పేర్లు. వరి వంగడాల్లో ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1001 అంటే విజేత. వెక్టర్ దృష్టిలో రెండూ ఇంచుమించు ఒకే చుక్క. రైతుకు అది విత్తనం తేడా. తెలంగాణ సోనా అన్నా ఆర్ఎన్ఆర్ 15048 అన్నా ఒకటే, సాంబ మసూరి అన్నా బీపీటీ 5204 అన్నా ఒకటే అన్నది మీరు రాసిన పట్టిక మాత్రమే ఖాయంగా చెప్పగలదు. అందుకే మాటలతో వెతికిన జాబితా, వెక్టర్‌తో వెతికిన జాబితా రెండూ విడివిడిగా తెప్పించుకుని, రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్‌తో కలపండి. ప్రతి వ్యాసానికీ ఒక్కో జాబితాలో దాని స్థానానికి 60 కలిపి, ఒకటిని దానితో భాగించి, వచ్చినవి కూడడమే. 60 అన్నది 2009లో ఈ పద్ధతి చెప్పినవాళ్లు వాడిన అంకె, మీరు మార్చుకోవచ్చు. ప్రశ్నలో వంగడం నంబరు, సర్వే నంబరు, మందు పేరు ఉంటే మాత్రం వెక్టర్ జాబితాను ఆపేయండి.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్ల గురించి కూడా అడిగారు. వాళ్ల ప్రశ్నను ముందు తెలుగు లిపిలోకి మార్చి, ఆపైన ఇదే దారిలో పంపండి. ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌ఎక్స్‌లిట్ దీనికి పనికొస్తుంది. అది నాలుగైదు రూపాలు ఇస్తుంది, వాటిలో మీ ఇండెక్స్‌లో ఉన్న మాటను ఎంచుకోండి.

చివరిగా పరీక్ష. ఇది లేకుండా పైన చెప్పిందేదీ మొదలుపెట్టొద్దు. లాగ్‌లోంచి నూట యాభై ప్రశ్నలు తీయండి. ఎక్కువసార్లు వచ్చినవి కొన్ని, ఒక్క ఫలితమూ రానివి కొన్ని, వచ్చినా ఎవరూ నొక్కనివి కొన్ని. ఒక్కోదానికి వచ్చిన మొదటి పది వ్యాసాలకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయించండి. పంటల ప్రశ్నలకు మీ రైతు వేదికలోని ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) గానీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను గానీ అడగండి, భూమి కాగితాలకు మీసేవ నడిపే మనిషిని అడగండి. ఒక్కో ప్రశ్నకు ఇద్దరు వేయాలి. ఇద్దరి మార్కులూ బాగా తేడా వస్తే వాళ్లను వాదించుకోనివ్వండి, పక్కన కూర్చుని రాసుకోండి. మీ పట్టికలోకి రావాల్సిన సరుకంతా ఆ వాదనలోనే ఉంటుంది. ఒక్కో మార్పు చేసినప్పుడల్లా ఎన్‌డీసీజీ లెక్క వేసి చూడండి, మంచి మార్కులొచ్చిన వ్యాసాలు ఎంత పైన ఉన్నాయో అది ఒక్క అంకెలో చెబుతుంది. మొత్తం అంకె పెరిగినా, ముందు బాగా వచ్చి ఇప్పుడు పాడైన ప్రశ్నల జాబితాను విడిగా చదవండి.

ఆ నూట యాభైలో ఓ ముప్పై ఇక్కడ పెడితే నేనూ చూస్తాను. పెట్టే ముందు ఫోన్ నంబర్లు, పాస్‌బుక్ నంబర్లు, సర్వే నంబర్లు తీసేయండి. సెర్చ్ పెట్టెలో జనం అవి కూడా కొడతారు.